రూలు తీసేస్తే తీసేయండి, ఉత్తరం మాత్రం ఆపొద్దు

డాలస్ ఉత్తర శివార్లలోని తెలుగు తల్లిదండ్రులకు ఒక బహిరంగ లేఖ

తోటి తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన ఆదివారం తెలుగు బడి వదిలే వేళ పార్కింగ్ లాట్‌లో నడిచిన చర్చ మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. మన స్కూల్ డిస్ట్రిక్ట్‌కి కొన్ని రాష్ట్ర రూళ్ళ నుంచి వెసులుబాటిచ్చే 'ఇన్నోవేషన్ ప్లాన్' గడువు తీరిపోతోందని, మళ్ళీ అయిదేళ్ళకి పొడిగించబోతున్నారని నేను చెప్పాను. ఒక అన్నయ్య గారు వెంటనే, "మంచిదే కదమ్మా! ఆస్టిన్‌లోని రాష్ట్రం వాళ్ళ పెత్తనం, వాషింగ్టన్ వాళ్ళ పెత్తనం ఎంత తగ్గితే మన స్కూళ్ళకి అంత మంచిది" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలూపారు. నేనూ సగం ఊపాను. మిగతా సగం ఎందుకు ఊపలేకపోయానో ఆ ఎండలో, పిల్లలు కార్లలో కూర్చుని హారన్లు కొడుతుంటే చెప్పడం కుదరలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నా సంగతి ముందు చెప్పేస్తాను. పదహారేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాం. గ్రీన్ కార్డ్ లైన్‌లో ఇంకా నిలబడే ఉన్నాం కాబట్టి స్కూల్ బోర్డు ఎన్నికల్లో నాకు ఓటు లేదు. ఇంటి పన్నులో పెద్ద ముక్క స్కూలుకే పోతున్నా సరే, లేదు. మీలో చాలామందిదీ ఇదే పరిస్థితి. రెండేళ్ళ నుంచి డిస్ట్రిక్ట్ సలహా కమిటీలో తల్లిదండ్రుల తరఫున కూర్చుంటున్నాను. అందులో చేరడానికి సిటిజన్ కానక్కర్లేదు. నెలకో సాయంత్రం, చల్లారిపోయిన పిజ్జా, లావుపాటి ఫైళ్ళు. అంతకంటే వైభోగం ఏమీ లేదు.

ఆ ఫైళ్ళలోంచే ఈ ప్లాన్ గురించి నాకు తెలిసింది. 2015లో టెక్సాస్ లెజిస్లేచర్ హౌస్ బిల్ 1842 అని ఒక చట్టం చేసింది. ఓ మోస్తరుగా నడుస్తున్న ఏ డిస్ట్రిక్ట్ అయినా ఒక ప్లాన్ రాసుకుని, రాష్ట్ర విద్యా చట్టంలోని కొన్ని సెక్షన్లు తమకి వర్తించవని ప్రకటించుకోవచ్చు. ప్లాన్‌ని 30 రోజులు వెబ్‌సైట్‌లో పెట్టాలి. మా సలహా కమిటీ బహిరంగ సమావేశంలో మెజారిటీతో ఒప్పుకోవాలి. తర్వాత బోర్డులో మూడింట రెండొంతుల మంది ఓటెయ్యాలి. అంతే. ఆస్టిన్‌లోని విద్యా కమిషనర్‌కి తెలియజేస్తే చాలు, ఆయన అనుమతి అక్కర్లేదు. వెయ్యికి పైగా ఉన్న టెక్సాస్ డిస్ట్రిక్టుల్లో అత్యధికం ఈ దారి పట్టాయి. అన్నీ వదిలించుకోవడం మాత్రం కుదరదు. సిలబస్, గ్రాడ్యుయేషన్ నిబంధనలు, రాష్ట్ర పరీక్షలు, ఫెడరల్ చట్టాలు ఎక్కడివక్కడే ఉంటాయి.

ఈ స్వేచ్ఛ వల్ల మనకి ఒరిగిన మేలు తక్కువేం కాదు. రాష్ట్ర చట్టం ప్రకారం ఆగస్టు నాలుగో సోమవారం కంటే ముందు బడి తెరవకూడదు. మన డిస్ట్రిక్ట్ ఆ సెక్షన్‌ని పక్కన పెట్టి ముందే తెరుస్తుంది కాబట్టి మొదటి సెమిస్టర్ పరీక్షలు క్రిస్మస్ సెలవులకి ముందే అయిపోతున్నాయి. లేకపోతే డిసెంబర్‌లో ఇండియా వెళ్ళిన పిల్లలు అమ్మమ్మ గారింట్లో అరిసెలు తింటూ పరీక్షలకి చదువుకోవాల్సి వచ్చేది. అలాగే, వెల్డింగ్ పాఠం చెప్పడానికి ఇరవై ఏళ్ళు వెల్డర్‌గా పనిచేసిన మనిషిని పెట్టుకోవచ్చు, టీచర్ సర్టిఫికేట్ లేదని వెనక్కి పంపక్కర్లేదు. ఇలాంటివి ఆస్టిన్‌లో కూర్చుని వెయ్యి ఊళ్ళకి ఒకే కొలతతో కుట్టడం తెలివితక్కువ పని. ఇక్కడి వరకూ అన్నయ్య గారితో నాకు పేచీ లేదు.

నాకు ముల్లులా తగిలింది వేరే చోట. ప్లాన్‌లో పక్కపక్కనే రెండు అంకెలు ఉన్నాయి: 25.112, 25.113. మొదటి మీటింగ్‌లో నాకు రెండూ ఒకటే అనిపించాయి. మొదటిది ప్రీకిండర్‌గార్టెన్ నుంచి నాలుగో క్లాసు వరకు ఒక గదిలో 22 మందికి మించి పిల్లలు ఉండకూడదనే సెక్షన్. మించితే రాష్ట్రం దగ్గర మినహాయింపు అడగాలి. రెండోది, అలా మినహాయింపు తీసుకున్నప్పుడు ఆ క్లాసు పిల్లల తల్లిదండ్రులకి ఉత్తరం రాయాలనే సెక్షన్. మన ప్లాన్ రెండింటినీ ఒకే గీతతో కొట్టేసింది.

మొదటి కొట్టివేతకి ఆఫీసు వాళ్ళు కారణం చెప్పారు. కొత్త అపార్ట్‌మెంట్లు వచ్చాయి, అక్టోబర్‌లో ఇరవై మూడో పిల్ల చేరింది, ఆ ఒక్క పిల్ల కోసం అప్పటికే కుదురుకున్న క్లాసుని చీల్చి, ఏడాది మధ్యలో కొత్త టీచర్‌ని వెతకాలా అన్నారు. అందులో అబద్ధం లేదు. దాదాపు 6 ఏళ్ళు రాష్ట్రం ఒక్కో విద్యార్థికిచ్చే మూల కేటాయింపు 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. 2019లో ఆ అంకె పెట్టారు, 2025లో 55 డాలర్లు కలిపారు. ఈలోగా కోడిగుడ్ల ధర ఎంత పెరిగిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. డిస్ట్రిక్ట్ చేతులు కట్టేసి ఈత కొట్టమంటే ఎలా?

సరే, మరి ఉత్తరం ఎందుకు తీసేశారు? ఒక ఉత్తరానికి ఎంత ఖర్చవుతుంది? అడిగాను. పేపర్ పని తగ్గుతుందన్నారు. ఈ రోజుల్లో కాగితం ఎవరు పంపుతున్నారు, ఈమెయిలే కదా అన్నాను. అప్పుడు ఒకరు నిజం చెప్పారు, "పేరెంట్స్ అనవసరంగా కంగారు పడతారు" అని. అంటే మనకి టెన్షన్ తగ్గించడానికి మనకి చెప్పడం మానేశారన్నమాట.

'చెప్పకపోవడం' అనే మాట వింటే నాకు వెన్నులో చలి పుడుతుంది. ఎందుకో చెప్పాలంటే మా రెండోవాడి కథ చెప్పాలి.

2014లో వాడు కిండర్‌గార్టెన్‌లో చేరాడు. అయిదేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి అనడం కష్టంగా ఉండేది. అప్పుడు మేం వేరే డిస్ట్రిక్ట్‌లో ఉండేవాళ్ళం. టీచర్‌ని అడిగితే, "ఇంట్లో రెండు భాషలు మాట్లాడతారు కదా, అలాంటి పిల్లలకి మాటలు ఆలస్యంగా వస్తాయి, ఆగి చూద్దాం" అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, వాణ్ణి ఎంతో ముద్దు చేసేది. కౌన్సెలర్ కూడా ఆగుదామన్నాడు. ఊళ్ళో మా అత్తగారు, పిల్లాడి నాన్న కూడా ఏడేళ్ళ దాకా మాట్లాడలేదని ధైర్యం చెప్పారు. అందరూ ఆగమన్నవాళ్ళే. మేం ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడటం మొదలుపెట్టాం. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. మా అమ్మ ఫోన్ చేస్తే వాడికి ఆవిడ మాట అర్థం కాకుండా పోయింది.

ఏడాదిన్నర అలా గడిచాక పక్కింటి మెక్సికన్ ఆవిడ ఒక మాట చెప్పింది. నోటితో అడక్కు, కాగితం మీద రాసి, తేదీ వేసి ఇవ్వు అని. వాణ్ణి పరీక్షించి చూడమని రాసిచ్చాను. నాలుగు లైన్లు. ఆ నాలుగు లైన్లకి ఎంత బలం ఉందో నాకు అప్పుడు తెలియదు. లిఖితపూర్వకంగా అడిగితే 15 బడి రోజుల్లో డిస్ట్రిక్ట్ జవాబివ్వాలి. పరీక్షిస్తామనైనా అనాలి, పరీక్షించం అంటే ఎందుకో రాసివ్వాలి. ఒప్పుకుని సంతకం పెట్టాక 45 బడి రోజుల్లో పరీక్షలు ముగించాలి. తర్వాత మనల్ని కూర్చోబెట్టి ఆర్డ్ మీటింగ్ (పిల్లాడికి ఏ సాయం ఇవ్వాలో తేల్చే సమావేశం) పెట్టాలి, అవసరమైతే దుబాసీని కూడా వాళ్ళే పెట్టాలి. ఆ జవాబు రాసివ్వాలన్న పట్టుదల మూలం 1975లో అమెరికన్ కాంగ్రెస్ చేసిన వికలాంగ బాలల విద్యా చట్టం. ఇప్పుడు దాన్ని ఐడియా (IDEA) అంటున్నారు. గడువులు పెట్టింది మన రాష్ట్రం. మా వాడికి స్పీచ్ థెరపీ మొదలైంది రెండో క్లాసులో. ఇప్పుడు పదకొండో క్లాసు. మాట్లాడటం మొదలుపెడితే ఆపడం కష్టం, ముఖ్యంగా కారు తాళాలు అడిగేటప్పుడు.

2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక ఒక సంగతి బయటపెట్టింది. 2004 నుంచి టెక్సాస్ విద్యా శాఖ డిస్ట్రిక్టుల పనితీరు కొలిచే కొలమానాల్లో ఒక అంకె పెట్టుకుంది. మొత్తం విద్యార్థుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ (వైకల్యాలున్న పిల్లలకిచ్చే ప్రత్యేక బోధన) అందుకునేవాళ్ళు 8.5 శాతానికి లోపు ఉంటే మంచి మార్కులు. దేశం సగటు 13 శాతం దగ్గర ఉన్న కాలం అది. ఏ చట్టసభా ఓటేసి ఆ అంకె పెట్టలేదు. ఏ తల్లికీ ఉత్తరం రాలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ రాష్ట్రమంతా మెల్లగా జారుకుంటూ వచ్చి సరిగ్గా ఆ అంకె దగ్గర ఆగింది. పిల్లలకి లోపాలు తగ్గిపోయాయా? 2017లో లెజిస్లేచర్ అలాంటి పరిమితిని నిషేధించింది. 2018 జనవరిలో ఫెడరల్ విద్యా శాఖ, టెక్సాస్ చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. ఆ తర్వాత ఆ శాతం మళ్ళీ ఎక్కింది.

మా వాడి ఏడాదిన్నర ఆలస్యానికి ఆ 8.5 కారణమని నేను రుజువు చెయ్యలేను. అసలు ఆ రోజుల్లో ఎవరికైనా ఎలా తెలుస్తుంది? టీచర్‌కే తెలిసి ఉండకపోవచ్చు. అదే నా బాధ.

కాబట్టి అన్నయ్య గారూ, వాషింగ్టన్ పెత్తనం అంటే మీకు గుర్తొచ్చేది వేరు, నాకు గుర్తొచ్చేది ఆ నాలుగు లైన్ల కాగితం. ఇంకో సంగతి. మన పిల్లల్ని బడిలో చేర్చినప్పుడు ఇంటి కరెంటు బిల్లు అడిగారు, టీకాల కార్డు అడిగారు, వీసా అడిగారా? అడగరు. 1975లో టెక్సాస్ చేసిన ఒక చట్టం, పత్రాలు లేని పిల్లల్ని చేర్చుకోవాలో వద్దో డిస్ట్రిక్టుల ఇష్టానికి వదిలేసింది. టైలర్ అనే ఊళ్ళో డిస్ట్రిక్ట్ అలాంటి పిల్లలకి ఏడాదికి 1,000 డాలర్ల ఫీజు పెట్టింది. అది కూడా స్థానిక స్వేచ్ఛే మరి! 1982లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో అది చెల్లదంది. ఒక్క ఓటు అటు పడి ఉంటే మన డాలస్ జీవితాల్లో ఎన్ని కాగితాలు పెరిగేవో ఆలోచించండి. టైలర్ ఇక్కడికి గంటన్నర, రెండు గంటల దూరం. గులాబీ తోటలు చూడ్డానికి మనలో చాలామందిమి వెళ్ళొచ్చాం కూడా.

అన్నట్టు, బడుల్లోకి ఫెడరల్ డబ్బుని, దాని వెంట ఫెడరల్ రూళ్ళని పెద్ద ఎత్తున తెచ్చింది వాషింగ్టన్‌లో పుట్టి పెరిగిన దొరలెవరో కాదు. టెక్సాస్ మనిషి, మాజీ బడిపంతులు, అధ్యక్షుడు లిండన్ జాన్సన్. కొటుల్లా అనే పల్లెలో మెక్సికన్ కూలీల పిల్లలకి పాఠాలు చెప్పినవాడు. 1965లో ఆ డబ్బు తెచ్చిన చట్టం మీద తన పాత పల్లె బడి దగ్గరే, తనకి మొదట చదువు చెప్పిన టీచరమ్మని పక్కన కూర్చోబెట్టుకుని సంతకం చేశాడు.

ఇదంతా చదివి నేను రూళ్ళ భక్తురాలిని అనుకోకండి. ఏప్రిల్ వచ్చిందంటే మా ఇంట్లో స్టార్ అనే రాష్ట్ర పరీక్షల జ్వరం. మూడో క్లాసు నుంచి ఎనిమిదో క్లాసు దాకా ఏటా రీడింగ్, లెక్కల పరీక్ష పెట్టాలన్నది ఫెడరల్ రూలు. 2015 నాటి ఫెడరల్ విద్యా చట్టంలో కూడా అది అలాగే ఉంది. దాని మీద ఏ నుంచి ఎఫ్ వరకు స్కూళ్ళకి గ్రేడ్లు అంటించడం రాష్ట్రం సొంత సరదా. 2025లో స్టార్‌ని తీసేసి 2027-28 నుంచి ఏడాదికి మూడు చిన్న పరీక్షలు పెడతామని చట్టం చేశారు. ఒక పెద్ద తలనొప్పి బదులు మూడు చిన్నవా, చూద్దాం.

పైగా స్వేచ్ఛ ఇచ్చిన చెయ్యే గొంతు పట్టుకోగలదని హ్యూస్టన్ వాళ్ళని అడిగితే చెబుతారు. ఇన్నోవేషన్ ప్లాన్ ఇచ్చిన అదే హౌస్ బిల్ 1842లో ఇంకో సెక్షన్ ఉంది. ఒక్క స్కూలు అయిదేళ్ళు వరసగా ఫెయిలైతే ఆ స్కూలుని మూసెయ్యాలి, లేదా మొత్తం డిస్ట్రిక్ట్ బోర్డుని తప్పించి రాష్ట్రం తన మనుషుల్ని పెట్టాలి. వీట్లీ అనే ఒక హైస్కూలు ప్రధాన కారణంగా, కోర్టుల్లో ఏళ్ళు నడిచాక, 2023 జూన్‌లో సుమారు 1,90,000 మంది పిల్లలున్న హ్యూస్టన్ డిస్ట్రిక్ట్‌లో జనం ఎన్నుకున్న తొమ్మిది మంది ట్రస్టీలని పక్కన పెట్టేశారు. 2025 అక్టోబర్‌లో మన పక్కనే ఉన్న ఫోర్ట్ వర్త్ వంతు వచ్చింది. మన డిస్ట్రిక్ట్‌కి ఆ గతి పట్టదు, మనవన్నీ 'ఏ' గ్రేడ్ స్కూళ్ళే అంటారు కొందరు. పట్టకపోవచ్చు. కానీ రాష్ట్రం ఎప్పుడు పగ్గాలు బిగిస్తుందో ఒక్కసారి గమనించండి.

టీచర్ల సంగతే తీసుకోండి. సర్టిఫికేట్ నిబంధనని వదిలించుకున్న డిస్ట్రిక్టులు మొదట వెల్డింగ్, నర్సింగ్ క్లాసుల పేరు చెప్పాయి. మెల్లగా అది మూడో క్లాసు లెక్కల దాకా పాకింది. కొన్నేళ్ళకే రాష్ట్రంలో కొత్తగా చేరుతున్న టీచర్లలో దాదాపు మూడో వంతు మందికి సర్టిఫికేట్ లేదు. సర్టిఫికేట్ లేని టీచర్ వరసగా 30 బడి రోజులకి మించి చెబుతుంటే తల్లిదండ్రులకి తెలియజేయాలన్న సెక్షన్ ఒకటి ఉంది. చాలా ప్లాన్లు దాన్నీ కొట్టేశాయి. ఇక్కడా మళ్ళీ అదే జంట: రూలు ఒకటి, దాని వెనక ఉత్తరం ఒకటి, రెండూ ఒకే గీతలో. చివరికి 2025లో హౌస్ బిల్ 2 తెచ్చి, ప్రధాన సబ్జెక్టుల్లో సర్టిఫికేట్ లేనివాళ్ళని దశలవారీగా తగ్గించాలని రాష్ట్రం తేల్చేసింది. ఆ మధ్య పదేళ్ళలో ఏ డిస్ట్రిక్ట్ అయినా తనంతట తాను, "మీ పిల్లకి లెక్కలు చెప్పేవారికి సర్టిఫికేట్ లేదు, ఈ కారణాన తీసుకున్నాం, ఇలా శిక్షణ ఇస్తున్నాం" అని చెప్పుకుంటూ వచ్చి ఉంటే, తల్లులూ తండ్రులూ ఊళ్ళోనే నిలదీసేవాళ్ళు, ఊళ్ళోనే సర్దుబాటు అయ్యేది. ఆస్టిన్ దాకా పోయేది కాదు. మనకి చెప్పకుండా దాచిన ప్రతిదీ చివరికి ఇంకో కొత్త రూలై తిరిగొస్తోంది.

పైన వాషింగ్టన్‌లో పరిస్థితి ఎలా ఉందో మీకు తెలుసు. 1979లో పుట్టిన ఫెడరల్ విద్యా శాఖని మూసే దిశగా 2025 మార్చిలో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. పూర్తిగా మూయాలంటే కాంగ్రెస్ ఒప్పుకోవాలి. కానీ పౌరహక్కుల ఫిర్యాదులు చూసే పన్నెండు ప్రాంతీయ ఆఫీసుల్లో ఏడింటిని ఆ నెలలోనే మూసేశారు. మన డాలస్‌ది అందులో ఒకటి. ఐడియా చట్టం బతికే ఉంది. నా నాలుగు లైన్ల కాగితానికి ఈ రోజుకీ 15 బడి రోజుల గడువు ఉంది. జవాబు రాకపోతే తలుపు తట్టడానికి మాత్రం మన ఊళ్ళో ఉన్న తలుపు ఇప్పుడు లేదు. అలాంటప్పుడు మన బోర్డే మనకి చెప్పాల్సినవి చెప్పడం మునుపటి కంటే ఎక్కువ ముఖ్యం కాదా?

నేను కమిటీలో పెట్టబోయే సవరణ చిన్నది. క్యాలెండర్ మినహాయింపు ఉంచండి, హాజరు మినహాయింపు ఉంచండి, 22 మంది పరిమితి మినహాయింపు కూడా ఉంచండి. 25.113ని మాత్రం ఆ జాబితాలోంచి తీసేయండి. క్లాసు 22 దాటిన రోజు ఆ పిల్లల ఇళ్ళకి ఒక ఈమెయిల్ వెళ్ళాలి: ఎంతమంది ఉన్నారు, ఎందుకు, ఎప్పటిదాకా. రాష్ట్రం ఇచ్చిన మినహాయింపుకే ఉత్తరం అనే మాట ఉంది కాబట్టి, మన డిస్ట్రిక్ట్ తనకి తాను ఇచ్చుకున్న మినహాయింపుకి కూడా అది వర్తిస్తుందని ప్లాన్‌లో ఒక వాక్యం కలపాలి. ఏడాదికోసారి, ఏ మినహాయింపుని ఎన్నిసార్లు వాడుకున్నారో ఒక పేజీ వెబ్‌సైట్‌లో పెట్టాలి. కమిటీలో నాతో కలిపి ముగ్గురు దీనికి సరే అన్నారు. ఇద్దరు టీచర్లు ఆలోచిస్తామన్నారు. వాళ్ళ గదుల్లో ఇరవై అయిదేసి మంది ఉన్నారు మరి, ఉత్తరం వెళితే తమకే మేలని ఒకరు బయటికొచ్చాక చెవిలో చెప్పారు.

ఓటు లేదని ఊరుకోకండి. 2019 నుంచి టెక్సాస్‌లో చట్టం ఉంది, అజెండాలో ఉన్న ఏ అంశం మీదైనా బోర్డు నిర్ణయానికి ముందు జనం మాట్లాడే అవకాశం ఇవ్వాలి. పాస్‌పోర్ట్ ఏ దేశానిదని అక్కడ ఎవరూ అడగరు. పేరు రాసి కార్డు ఇస్తే మైకు ఇస్తారు. మన డిస్ట్రిక్ట్‌లో మనిషికి మూడు నిమిషాలు. ఇంగ్లీషులో తడబడతామని భయమైతే కాగితం మీద రాసుకొచ్చి చదవండి. నేనూ అలాగే చదువుతాను. ప్లాన్ ఇప్పుడు వెబ్‌సైట్‌లో ఉంది, 30 రోజుల్లో పదకొండు అయిపోయాయి. బోర్డు ట్రస్టీల పేజీకి వెళ్ళి కింద దాకా జరిపితే దొరుకుతుంది. కాస్త వెతకాలి, దాచినట్టే పెట్టారు.

కమిటీ సమావేశం వచ్చే మంగళవారం సాయంత్రం ఆరున్నరకి అడ్మినిస్ట్రేషన్ బిల్డింగ్‌లో. పిల్లల్ని ఇంట్లో వదిలి రాలేకపోతే తీసుకొచ్చెయ్యండి, మా వాడు బయట హాల్లో చూసుకుంటానన్నాడు. అన్నయ్య గారూ, మీరు నాతో ఒప్పుకోకపోయినా రండి. 25.112 గురించి మీ వాదన మీరు చెప్పండి, 25.113 గురించి నాది నేను చెబుతాను.

ఇట్లు,
మీలో ఒక తల్లి